బస్సా, రైలా? తక్కువ ఖర్చు ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. విమానం ఎక్కకుండా, బస్సుల్లోనూ రైళ్లలోనూ ఒక నగరం నుంచి మరో నగరానికి తక్కువ ఖర్చుతో వెళ్లిరావడం ఎలా అన్నదే అందరి సందేహం. ఛార్జీలు దేశానికో తీరుగా, నెలకో తీరుగా మారుతుంటాయి కనుక ధరల పట్టికలు ఇవ్వబోవడం లేదు. ఎక్కడైనా పనికివచ్చే లెక్క చెప్పి, అవసరమైనచోట ఆయా దేశాల నియమాలను ఉదాహరణకు తీసుకుంటాను.

ప్రశ్న: నేను వెళ్లవలసిన నగరానికి రైలు టికెట్‌లో సగం ధరకే బస్సు టికెట్ దొరుకుతోంది. ఇంట్లోవాళ్లు మాత్రం రైలే మేలంటున్నారు. ఇంత తేడా ఉన్నా రైలెక్కడంలో అర్థముందా?

జవాబు: టికెట్ మీద ఉన్న ధర ఎక్కే చోటు నుంచి దిగే చోటు దాకా అయ్యే ఖర్చు మాత్రమే. మీ జేబులోంచి పోయేది ఇంటి గుమ్మం నుంచి అవతలి ఊళ్లో మీరు చేరవలసిన గుమ్మం దాకా. కాబట్టి ఒక కాగితం మీద బస్సుకొకటి, రైలుకొకటి చొప్పున రెండు గళ్లు గీసి, ఇంటి నుంచి ఎక్కే చోటికి అయ్యే ఖర్చు, టికెట్, బుకింగ్ రుసుము, సీటు ఎంచుకున్నందుకు వేసే అదనపు మొత్తం, రెండో పెట్టెకు కట్టవలసింది, దారిలో తిండికి అయ్యేది, దిగిన చోటు నుంచి గమ్యానికి అయ్యేది ఒకదాని కింద ఒకటి వేయండి. ఇలా కూడి చూసిన చాలాసార్లు సగం ధర కాస్తా ముప్పాతిక దగ్గర తేలుతుంది. దిగే చోటు ఊరికి దూరమైతే తేడా పూర్తిగా చెరిగిపోవడం కూడా ఉంది.

చవక టికెట్‌లో దాగే ఖర్చు ఎక్కువగా ఆ చివరి రెండు మూడు గళ్లలోనే ఉంటుంది. ఫ్రాన్స్ జాతీయ రైల్వే 2013 ఏప్రిల్‌లో ‘వీగో’ అనే చవక వేగరైళ్లను మొదలుపెట్టినప్పుడు వాటిని పారిస్ నడిబొడ్డునున్న పెద్ద స్టేషన్ల నుంచి కాక, నగరానికి తూర్పున శివారు రైల్లో దాదాపు 40 నిమిషాల దూరంలో ఉన్న మార్న్-లా-వాలే నుంచి నడిపింది. లియోన్ వెళ్లేవారిని కూడా ఊళ్లో కాకుండా విమానాశ్రయం స్టేషన్‌లో దించేది. పెద్ద పెట్టెకు అదనంగా వసూలు చేసేది. ఇందులో మోసమేమీ లేదు, అన్నీ ముందే చెప్పిన షరతులే. కాని టికెట్ ధర ఒక్కటే చూసినవారికి ఆ షరతుల విలువ దిగిన తరువాతగాని తెలియలేదు. బస్సుల్లోనూ ఇదే తంతు. ఒకే నగరం పేరుతో కనిపించే రెండు బస్సుల్లో ఒకటి రైల్వేస్టేషన్ పక్కన ఆగితే, రెండోది ఊరిబయట బైపాస్ మీద దించి వెళ్లిపోవచ్చు. టికెట్ కొనేముందు దిగే చోటును మ్యాప్‌లో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

బస్సుకు అంత తక్కువ ఎలా గిట్టుబాటవుతుందన్న అనుమానం మీ ఇంట్లోవాళ్లకు ఉండి ఉండవచ్చు. రైలు నడపడానికి పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్ల భారం ఉంటుంది. బస్సు అందరి రోడ్డు మీదే నడుస్తుంది, గిరాకీని బట్టి రేపటి నుంచే ఒక సర్వీసు పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. జర్మనీలో రైల్వేకు పోటీ రాకూడదని 1930ల నాటి చట్టం దూరప్రాంతపు బస్సులను చాలావరకు అడ్డుకుంటూ వచ్చింది. 2013 జనవరి 1న ఆ అడ్డు తొలగింది. ఫ్లిక్స్‌బస్ అనే బస్సు సంస్థ ఆ ఏడే రోడ్డెక్కింది. ఫ్రాన్స్ 2015లో అలాంటి అడ్డునే తొలగించింది. పోటీ వచ్చినచోట రైలూ దిగివస్తుంది: స్పెయిన్‌లో మాడ్రిడ్, బార్సిలోనా మధ్య 2021 నుంచి ఒకటికి మించిన సంస్థలు వేగరైళ్లు నడపడంతో అక్కడ టికెట్ ధరలు బాగా తగ్గాయి. అందుచేత ‘బస్సు చవక, రైలు ఖరీదు’ అన్నది అన్ని దారులకూ వర్తించే సూత్రం కాదు.

ఇక నా అభిప్రాయం అడిగితే, నాలుగు గంటల లోపు దూరానికి లెక్కలో తక్కువ తేలినదే ఎక్కండి, అది బస్సయితే బస్సే. పగటిపూట ఆరు గంటలు దాటే ప్రయాణానికి తేడా మరీ ఎక్కువైతే తప్ప రైలే ఎక్కుతాను, ఎందుకంటే లేచి నడవవచ్చు, మరుగుదొడ్డి కోసం డ్రైవరు దయ మీద ఆధారపడనక్కరలేదు. బస్సే ఎక్కితే సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు నగరం చేరేదాన్ని మాత్రం వదిలేయండి. రెండు వందల కిలోమీటర్లు సాఫీగా వచ్చిన బస్సు ఆఖరి పదిహేను కిలోమీటర్లకు గంట తీసుకోవడం అప్పుడే జరుగుతుంది.

ప్రశ్న: టికెట్ ముందుగా కొంటే చవకా, చివరి రోజుల్లో కొంటే చవకా? మూడు వారాల ముందు కొన్న బస్సు టికెట్టే ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంకా తక్కువకు కనిపించి మనసు చివుక్కుమంది.

జవాబు: ముందుగా అది ఏ రకం ఛార్జీయో తెలుసుకోవాలి. దూరాన్ని బట్టి నిర్ణయించిన ఛార్జీ అయితే ఎప్పుడు కొన్నా ఒకటే; శివారు రైళ్లలోనూ ప్రాంతీయ రైళ్లలోనూ చాలా దేశాల్లో ఇదే పద్ధతి. అక్కడ తొందరపడి కొనడం వల్ల సీటు దొరుకుతుందేమో గాని డబ్బు మిగలదు. రెండోది గిరాకీని బట్టి మారే ఛార్జీ. ఇందులో సీట్లను మెట్లు మెట్లుగా విడగొడతారు. అడుగు మెట్టులో సీట్లు కొన్నే ఉంటాయి, అవి అయిపోగానే ధర పై మెట్టుకు ఎక్కుతుంది. రైళ్లలో సాధారణంగా ఆ మెట్లు ఎక్కడమే గాని దిగడం తక్కువ, అందువల్ల అమ్మకం తెరిచే రోజు తెలుసుకుని ఉండటం లాభం. బ్రిటన్‌లో ముందస్తు టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు అమ్మకానికి వస్తాయి. భారతీయ రైల్వేలో ఈ గడువు 120 రోజులుండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులైంది. బస్సుల సంగతి వేరు. సీట్లు మిగిలిపోతున్నాయనుకుంటే ధర తగ్గించి అమ్మేస్తారు, మీరు చూసింది అదే.

అయితే ఎన్నాళ్లు ముందు కొన్నారన్నదానికంటే ఏ రోజు, ఏ గంటకు బయలుదేరుతున్నారన్నదే ధరను ఎక్కువ మారుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఊళ్లకు పోయేవారు, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవారు సీట్లన్నీ ఎగరేసుకుపోతారు. అదే బస్సు మంగళవారం మధ్యాహ్నం సగం ఖాళీగా నడుస్తుంది. సెలవు దొరికే వీలుంటే ప్రయాణాన్ని ఒక పూట అటూ ఇటూ జరిపి చూడండి. పండుగలకూ వరుస సెలవులకూ అయితే అమ్మకం తెరిచిన రోజునే కొంటాను, మామూలు వారపు రోజు బస్సుకు వారం ముందు చూస్తాను. కొన్న తరువాత మళ్లీ ఆ ధర వైపు చూడను. మనసు చివుక్కుమనకుండా ఉండటానికి నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే.

ఇంకొక మాట. ఏడాదికి మూడు నాలుగు దూర ప్రయాణాలు చేసేవారు రాయితీ కార్డు లెక్క చూసుకోవాలి. బ్రిటన్‌లో రైల్‌కార్డు ఉంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది, జర్మనీలో బాన్‌కార్డు 25 శాతం, 50 శాతం రకాల్లో దొరుకుతుంది. దూరం ఎక్కువైతే కార్డు ఖరీదు ఒకటి రెండు ప్రయాణాల్లోనే తిరిగివస్తుంది.

ప్రశ్న: దారిలో రైలు మారవలసి వచ్చింది. చవక అని రెండు రైళ్లకూ విడివిడిగా టికెట్లు కొన్నాను. మధ్యలో 40 నిమిషాల వ్యవధి ఉంది. మొదటి రైలు గంటన్నర ఆలస్యం కావడంతో రెండోది వెళ్లిపోయింది. నా తప్పేమీ లేకున్నా రెండో టికెట్ చెల్లదన్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయం మాట అటుంచి, నిబంధన మాత్రం వారివైపే ఉండి ఉంటుంది. విడివిడిగా కొన్న రెండు టికెట్లు రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి రైలు ఎంత ఆలస్యమైనా రెండో ఒప్పందానికి దానితో సంబంధం లేదు, మీరు సమయానికి రాలేదన్నదొక్కటే వారి లెక్క. అదే మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్ దాకా ఒకే టికెట్‌గా తీసుకుంటే, కనెక్షన్ తప్పినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత వారిదే అవుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ 7 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఒకే రైల్వే సంస్థ వద్ద ఒకే కొనుగోలులో తీసుకున్న టికెట్లను, అవి వేర్వేరు ఒప్పందాలని ముందే స్పష్టంగా తెలియజేస్తే తప్ప, మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్‌గా పరిగణించాలి. గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం పరిహారం అడగవచ్చు. అసాధారణమైన వాతావరణం వంటి కారణాలకు మినహాయింపు ఉంది. అక్కడి బస్సుల చట్టం ఇంత ఉదారంగా లేదు. 250 కిలోమీటర్లు, అంతకు మించిన దారిలో బస్సు రద్దయినా, బయలుదేరడమే రెండు గంటలకు మించి ఆలస్యమైనా డబ్బు వాపసు తీసుకోవడమో వేరే దారిలో వెళ్లడమో ఎంచుకోవచ్చు. గమ్యానికి ఆలస్యంగా చేరినందుకు రైళ్లకున్నట్టి శాతాల పరిహారం మాత్రం అందులో లేదు. ఏ దేశంలోనైనా సరే, ఆలస్యం చూపే బోర్డును ఫొటో తీసి పెట్టుకోండి, వీలైతే స్టేషన్‌లో ఒక ముక్క రాయించుకోండి. తరువాత ఎవరితో వాదించాలన్నా అదే ఆధారం.

మరి విడి టికెట్లు ఎప్పుడూ కొనకూడదా అంటే, కొనవచ్చు. బ్రిటన్‌లో ఒకే రైల్లో వెళుతూనే మధ్యలోని ఒక స్టేషన్ దగ్గర టికెట్‌ను రెండుగా విడగొడితే మొత్తం ధర తగ్గే దారులు చాలా ఉన్నాయి. ఆ స్టేషన్‌లో రైలు ఆగితే చాలు, మీరు దిగనక్కరలేదు. భారతదేశంలో దీనికి తలకిందులు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతూ పోతుంది కనుక టికెట్‌ను ముక్కలు చేస్తే నష్టమే. కొత్త దేశంలో రెండు రకాలుగానూ ధర చూసి కొనడం మేలు.

విడిగా కొన్నప్పుడు మధ్య వ్యవధిని ఎంత పెట్టుకోవాలన్నది ప్లాట్‌ఫారం మారడానికి పట్టే సమయాన్ని బట్టి కాక, ఆ రైలు తప్పితే తరువాతిది ఎప్పుడన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. అరగంటకొక రైలుండి, మీ టికెట్ దేనిలోనైనా చెల్లేదైతే 20 నిమిషాలు చాలు. రోజుకు ఒక్కటే రైలైతే, లేదా అది ఆ రోజుకు ఆఖరిదైతే, మూడు గంటలు కూర్చోవలసి వచ్చినా తప్పదు. బస్సు దిగి రైలెక్కే పక్షంలో నేను రెండు గంటలకు తగ్గించను. మీ 40 నిమిషాల సంగతికొస్తే, రెండో టికెట్ చవకగా దొరకడానికి కారణం అది ఆ ఒక్క రైలుకే పరిమితమైనది కావడమే అయి ఉంటుంది.

ప్రశ్న: రాత్రి ప్రయాణం చేస్తే ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుందంటారు. పోయిన నెల నేను 13వ తేదీ 00.15 గంటల బస్సుకు టికెట్ కొని, 13వ తేదీ రాత్రి పన్నెండుకు బస్టాండుకు వెళితే నా బస్సు నిన్ననే వెళ్లిపోయిందన్నారు. డబ్బు పోయింది, బస దొరకలేదు. ఇంకోసారి సాహసించమంటారా?

జవాబు: ఈ పొరపాటు చేసినవారిలో మీరు మొదటివారు కారు. అర్ధరాత్రి దాటిన క్షణాన తేదీ మారుతుంది కనుక 13వ తేదీ 00.15 అంటే మనం ‘పన్నెండో తేదీ రాత్రి’ అని చెప్పుకునే సమయం. 00.00 నుంచి 03.00 మధ్య బయలుదేరే ఏ టికెట్ కొన్నా కాగితం మీద ‘12వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరాలి’ అని మామూలు భాషలో రాసి టికెట్‌తో పాటు పెట్టుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇక బస మిగలడం గురించి. అది నిజం కావాలంటే ప్రయాణం కనీసం ఎనిమిది గంటలైనా ఉండాలి, దిగే వేళ ఊరు మేలుకుని ఉండాలి. ఐదు గంటల దూరానికి రాత్రి బస్సు ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి రాత్రి పదకొండున్నరకు ఎక్కి తెల్లవారుజామున 4.20కి దిగాను. దించింది బస్టాండులో కాదు, ఒక ఫ్లైఓవర్ కింద. ఎదురుగా ఉన్న స్టేషన్ గేటుకు గొలుసు వేసి ఉంది, 5.30కి తెరుస్తామని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అక్కడున్న ఒకే ఒక్క బెంచీ మీద ఎవరూ పడుకోకుండా మధ్యమధ్యలో ఇనుపకడ్డీలు బిగించారు. గంటకు పైగా పెట్టె మీద కూర్చుని, చలికి ఓర్చుకోలేక టాక్సీ పిలిచాను. ఆ టాక్సీకి ఇచ్చింది బస్సు టికెట్‌కంటే ఎక్కువ. గదిలోకి మధ్యాహ్నం రెండు దాకా రానివ్వలేదు కనుక ఆ పగలంతా నిద్రమత్తులో పోయింది. అందుకే నిద్ర పట్టే వసతి ఉందో లేదో చూడకుండా బస మిగిలిందని లెక్కవేయకండి. రాత్రి రైళ్లలోనూ అన్నీ ఒకటి కావు. జర్మనీ రైల్వే తన పడక రైళ్లను మానుకున్నాక, 2016 డిసెంబరు నుంచి వాటిలో చాలావాటిని ఆస్ట్రియా రైల్వే ‘నైట్‌జెట్’ పేరుతో నడుపుతోంది. అందులో కూర్చునే సీటు, ఒకే గదిలో పలువురు పంచుకునే బెర్తులు, విడి గది అని మూడు తరగతులున్నాయి. అన్నిటికంటే చవకైన సీటు కొని పన్నెండు గంటలు నిటారుగా కూర్చునేవారు మరునాడు బస కోసం వెతుక్కుంటారు. నా లెక్కలో పంచుకునే బెర్తుకే అసలైన గిట్టుబాటు.

సరిహద్దులు దాటే రాత్రి బస్సుల్లో ఇంకొకటి ఉంది. పారిస్ నుంచి లండన్ వెళ్లే బస్సును ఫ్రాన్స్ తీరంలోని కలే దగ్గర ఆపి, అర్ధరాత్రైనా సరే అందరినీ దింపి పాస్‌పోర్టులు చూస్తారు. ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే అక్కడితో దాని పని అయిపోయినట్టే, తిరిగి రావడానికి అది పనికిరాదు.

గడియారాలను ఏడాదికి రెండుసార్లు గంట ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో ఆ రాత్రి ప్రయాణిస్తే ఆశ్చర్యపడకండి. అమెరికాలో ఆమ్‌ట్రాక్ రైళ్లు శరదృతువులో గడియారం వెనక్కు జరిగే రాత్రి, సమయానికంటే ముందు వెళ్లిపోకుండా దారిలో ఒక స్టేషన్‌లో గంటసేపు ఆగి ఉంటాయి.

ప్రశ్న: ఐరోపాలో మూడు వారాలు తిరగాలనుకుంటున్నాను. రైలు పాస్ కొంటే అన్ని రైళ్లూ ఉచితంగా ఎక్కవచ్చని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: ‘అన్నీ’ అన్న మాటా, ‘ఉచితంగా’ అన్న మాటా రెండూ సరికావు. ఐరోపా వాసులకు ఇంటర్‌రైల్, బయటి దేశాల వారికి యూరైల్ అని రెండు పాస్‌లున్నాయి. మొదటిది 1972లో 21 ఏళ్ల దాకా వయసున్న యువత కోసం పుట్టింది, రెండోది 1959 నుంచీ ఉంది. ఇప్పుడవి 33 దేశాల్లో చెల్లుతాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లను పాస్ చూపించి అలాగే ఎక్కవచ్చు. ఫ్రాన్స్ వేగరైళ్లు, స్పెయిన్, ఇటలీల వేగరైళ్లు, లండన్‌ను పారిస్ వంటి నగరాలతో కలిపే యూరోస్టార్, రాత్రి రైళ్లకు మాత్రం పాస్ ఉన్నా సీటుకు విడిగా డబ్బు కట్టాలి. అందులోనూ యూరోస్టార్ వంటి వాటిలో పాస్ ఉన్నవారికి ఇచ్చే సీట్లు పరిమితం, అవి నిండితే పాస్ ఉండీ లాభం లేదు.

మీరు వెళ్లదలచిన ఊళ్లను తేదీలతో రాసి, ఒక్కో దారికి ముందస్తు టికెట్ ధర వేసి కూడి, పాస్ ఖరీదుకు ఈ సీటు రుసుములు కలిపి పక్కన పెట్టండి. నాలుగైదు పెద్ద ప్రయాణాలు, తేదీలు ఖాయం అయితే విడి టికెట్లే చాలావరకు గెలుస్తాయి. ఎక్కడ నచ్చితే అక్కడ దిగుతూ రోజుకో ఊరు మారేవారికి పాస్ మేలు. పాత అనుభవజ్ఞుల సలహా గుడ్డిగా నమ్మకూడదనడానికి జపాన్ మంచి ఉదాహరణ. విదేశీ సందర్శకులకు ఇచ్చే ఏడు రోజుల సాధారణ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ నుంచి 50,000 యెన్‌కు పెరిగింది. అంతకుముందు టోక్యో నుంచి క్యోటోకు వెళ్లివస్తేనే పాస్ ఖరీదు దాదాపు తిరిగివచ్చేది. ఇప్పుడు ఆ ఒక్క ప్రయాణంతో దాని దరిదాపులకు కూడా రాదు.

ఓపిక ఉన్నవారికి మూడో దారి ఉంది. జర్మనీలో 2023 మే నుంచి నెలవారీ చందాతో దేశంలోని ప్రాంతీయ రైళ్లు, నగర బస్సులు అన్నిటిలో తిరగగల టికెట్ ఇస్తున్నారు. మొదట 49 యూరోలు, 2025 జనవరి నుంచి 58 యూరోలు, తరువాతా పెరుగుతూనే ఉంది. దీనితో వేగరైళ్లు ఎక్కనివ్వరు. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు వేగరైలు నాలుగు గంటల్లో చేరుస్తుంటే, ప్రాంతీయ రైళ్లు నాలుగైదు మారి వెళ్లేసరికి దానికి రెట్టింపు సమయం దాటిపోతుంది. దారిలోని చిన్న ఊళ్లు చూడాలనుకునేవారికి అదొక సుఖం. పెట్టెలతో, పిల్లలతో వెళ్లేవారికి నేను చెప్పను.

ప్రశ్న: రద్దు చేసుకుంటే డబ్బు వాపసు వచ్చే టికెట్‌కు ఎక్కువ పెట్టడం దండుగా?

జవాబు: అదనంగా అడుగుతున్నది టికెట్ ధరలో నాలుగో వంతు అనుకుందాం. అలాంటి ప్రయాణాలు నాలుగైదింట్లో ఒకటి రద్దయ్యే మనిషి మీరైతే సరికి సరి, అంతకంటే తక్కువైతే దండుగే. నేను సాధారణంగా వెళ్లే ప్రయాణానికి వాపసు లేని చవక టికెట్, తిరుగు ప్రయాణానికి తేదీ మార్చుకోదగిన టికెట్ కొంటాను. నా విషయంలో మారేది దాదాపు ఎప్పుడూ తిరుగు తేదీయే.